రెండు మోకాళ్ళు, రెండు రకాల ఏర్పాట్లు: ఆపరేషన్‌కి ముందే తేల్చుకోవలసినవి

వాకర్ బాత్రూమ్ గుమ్మంలో పట్టలేదు. ఎడమ మోకాలి మార్పిడి అయి ఇంటికొచ్చిన మొదటి రాత్రి గురించి ఇప్పటికీ నాకు ముందు గుర్తొచ్చేది అదే. రాత్రి రెండింటికి నేను వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నాను, మా ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తున్నారు. రెండంగుళాలు తక్కువ. చివరికి ఆయన భుజం పట్టుకుని పక్కవాటుగా జరుగుతూ లోపలికి వెళ్ళాను. పడకపోవడం నా అదృష్టం. ఆపరేషన్‌కి ముందు నెలన్నర పాటు ఏ రకం కీలు మంచిది, రోబోతో చేయించుకోవాలా వద్దా అని చదివీ చదివీ బుర్ర వేడెక్కించుకున్నదాన్ని, గుమ్మం వెడల్పు మాత్రం కొలవలేదు.

రెండేళ్ళ తర్వాత కుడి మోకాలి వంతు వచ్చినప్పుడు వరస తిప్పేశాను. కీలు సంగతి సర్జన్‌కి వదిలేసి, నా చేతిలో ఉన్నవాటి మీద దృష్టి పెట్టాను. కింద రాసినవన్నీ ఆ రెండుసార్ల తేడాలోంచి వచ్చినవే. నాది మోకాలు కాబట్టి ఎక్కువగా దాని గురించే ఉంటుంది. తుంటికి గానీ, విరిగిన ఎముకకి గానీ ఆపరేషన్ అయినవాళ్ళకి లెక్క మారే చోట ఆ మాట విడిగా చెబుతాను.

రెండూ ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా

రెండు మోకాళ్ళూ అరిగిపోయినవాళ్ళకి మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. ఒకేసారి చేయించుకుంటే మత్తు ఒక్కసారే, ఆస్పత్రిలో ఉండడం ఒక్కసారే, మొత్తం కోలుకునే కాలం కూడా తక్కువే. ఇంట్లోవాళ్ళు సెలవు పెట్టేదీ ఒక్కసారే. అయితే గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం ఎక్కువ. రక్తం ఎక్కించాల్సి రావడం, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు కూడా ఎక్కువే. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, బాగా పెద్దవాళ్ళకి చాలామంది సర్జన్లు విడివిడిగానే చేస్తామంటారు.

డాక్టర్ రెండింటికీ సరేనంటే? నేనైతే విడివిడిగానే అంటాను. ఒకేసారి చేయించుకుంటే ఆనుకోవడానికి మంచి కాలు ఉండదు. మంచం మీంచి లేచే ప్రతిసారీ రెండూ చెడ్డ కాళ్ళే. పైగా మొదటి కాలు నేర్పిన పాఠం రెండోదానికి పనికొస్తుంది. వయసు తక్కువగా ఉండి, చేతుల్లో బలం ఉండి, ఉద్యోగానికి రెండుసార్లు సెలవు దొరకని వాళ్ళ విషయం వేరు. వాళ్ళకి ఒకేసారి చేయించుకోవడమే సుఖం కావచ్చు.

సగమా, పూర్తా

మోకాలి లోపల ఒక పక్క మాత్రమే అరిగి, లిగమెంట్లు గట్టిగా ఉంటే సగం మార్పిడి సరిపోతుంది. కోత చిన్నది, కోలుకోవడం త్వరగా, నడక కూడా సొంత కాలిలాగే ఉంటుందని చేయించుకున్నవాళ్ళు చెబుతారు. కాకపోతే తర్వాతెప్పుడో మళ్ళీ ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చే అవకాశం ఎక్కువ. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం పూర్తి మోకాలి మార్పిడి చేయించుకున్న ప్రతి 100లో సుమారు 82 కీళ్ళు 25 ఏళ్ళు నిలిచాయి. సగం మార్పిడిలో అది 70. తుంటి కీళ్ళలో 58. ఈ అంకెలు చూసి తుంటివాళ్ళు గుండెలు బాదుకోనక్కర్లేదు. అవి పాతికేళ్ళ కిందట పెట్టిన కీళ్ళు, తర్వాత వాడే పదార్థాలు మారాయి.

రోబో గురించి ఒక్క మాట. కీలుని అనుకున్న కోణంలో కూర్చోబెట్టడంలో అది సాయపడుతుంది. కానీ ఏడాది తర్వాత నొప్పిలో, నడకలో పెద్ద తేడా ఉంటుందని గట్టిగా తేలలేదు. రోబో ఉందా అని అడిగేకన్నా, ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారని సర్జన్‌ని అడగడం మేలు. అడగడానికి మొహమాటపడతాం. నేను మొదటిసారి అడగలేదు, రెండోసారి అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు.

మత్తు: నడుముకా, మొత్తానికా

మొదటిసారి నేను పట్టుబట్టి మరీ పూర్తి మత్తు తీసుకున్నాను. కారణం చెబితే నవ్వుతారు, సుత్తి చప్పుడు వినపడుతుందని భయం. లేచాక రోజంతా వాంతులు, కళ్ళు తిరగడం. అందువల్ల మొదటి రోజు నడక పోయింది. రెండోసారి నడుముకి ఇంజెక్షన్ ఇచ్చారు. దాంతోపాటు నిద్ర మందు కొంచెం ఇస్తారని అప్పుడే తెలిసింది. చప్పుడు సంగతి దేవుడెరుగు, ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో కూడా నాకు తెలీదు.

మోకాలికి, తుంటికి వీలైనప్పుడు నడుము మత్తునే చాలామంది మత్తు డాక్టర్లు ఇష్టపడతారు. వాంతులు తక్కువ, మొదటి గంటల్లో నొప్పి కూడా తక్కువ. అలాగని పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే టెన్షన్ పడొద్దు. తుంటి ఎముక విరిగిన 50 ఏళ్ళు పైబడినవాళ్ళు 1,600 మంది మీద చేసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. 60 రోజుల తర్వాత చూస్తే ప్రాణాపాయంలో గానీ, తిరిగి నడవగలగడంలో గానీ రెండు రకాల మత్తుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వెన్నులో సమస్య ఉన్నా, రక్తం పల్చబడే మందులు వాడుతున్నా నడుము మత్తు కుదరకపోవచ్చు. అది మత్తు డాక్టర్ తేల్చాలి.

దీనికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది: తొడ దగ్గర నరానికి మత్తు బ్లాక్, అంటే ఆ కాలికి కొంతసేపు నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్, ఇస్తారా, అది ఎప్పుడు దిగిపోతుంది? బ్లాక్ పనిచేసినంతసేపూ 'ఓస్, ఇంతేనా' అనిపిస్తుంది. చాలామందికి మర్నాటికల్లా దిగిపోతుంది, అప్పుడు నొప్పి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది దిగకముందే మాత్రలు మొదలుపెట్టి ఉండాలి. రెండో రోజు నా మోకాలికి ఏదో అయిపోయిందని మొదటిసారి నేను ఏడ్చింది ఇందుకే. ఏమీ కాలేదు, బ్లాక్ దిగింది అంతే.

ముందున్న వారాలు

ఇక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, చేయాల్సినవే ఉన్నాయి. తొడ కండరం బిగించి వదలడం, కాలు నిటారుగా పైకెత్తడం, మడమని మంచం మీద జార్చుతూ మోకాలు మడవడం: ఈ మూడూ నాలుగైదు వారాల ముందునుంచి చేస్తే ఆపరేషన్ తర్వాత అవే చేయమన్నప్పుడు కొత్తగా ఉండవు. వాకర్‌తో నడవడం కూడా నొప్పి లేని రోజుల్లోనే నేర్చుకోండి. సిగరెట్ అలవాటుంటే కనీసం 4 వారాల ముందు మానాలి, లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది. షుగర్ అదుపులో లేకపోతే ఆపరేషన్ వాయిదా వేస్తామంటారు. విసుక్కోకండి, చీము పట్టిన కొత్త కీలు బాధ వాయిదా బాధకన్నా చాలా పెద్దది. పుచ్చిన పళ్ళు, కాలి మీద పుండ్లు ఉంటే ముందే చూపించుకోండి. ఆపరేషన్ చేసే చోట ఇంట్లో షేవింగ్ వద్దు, చిన్న గాటు పడినా సూక్ష్మక్రిములకి దారి ఇచ్చినట్టే.

మందుల విషయంలో జనం చేసే తప్పులు రెండు. తమంతట తాము ఆపేయడం ఒకటి, అసలు చెప్పకపోవడం రెండోది. వాడుతున్నవన్నీ, ఆయుర్వేదం మాత్రలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. రక్తం పల్చబడే మందుల్లో ఒక్కోదాన్ని ఒక్కో లెక్కన ఆపుతారు. స్టెంట్ వేయించుకున్నవాళ్ళయితే గుండె డాక్టర్ మాట లేకుండా ఏదీ ఆపకూడదు. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే షుగర్ మాత్రల్ని సాధారణంగా 3, 4 రోజుల ముందే ఆపిస్తారు. షుగర్ మామూలుగా కనిపిస్తున్నా ఒంట్లో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం వాటితో ఉంటుంది. అడగకుండానే ఆ మాత్ర పేరు చెప్పండి.

ఇంటికా, రిహాబ్ సెంటర్‌కా

నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. మొదటిసారి నాలుగో రోజు ఇంటికి పంపేశారు. ఆ రాత్రి కథ చెప్పానుగా. దాంతో రెండోసారి రిహాబ్ సెంటర్‌కి, అంటే ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు ఉంచుకుని ఫిజియో చేయించే చోటికి, వెళ్ళిపోదామని దాదాపు ఖాయం చేసుకున్నాను. అక్కడ గుమ్మాలు వెడల్పు, పట్టుకోవడానికి కమ్మీలు, బెల్ కొడితే నర్సు.

మనసు మార్చుకున్నది ఒక పరిశోధన గురించి చదివాక. మోకాలి మార్పిడి అయిన 165 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుని 10 రోజులు రిహాబ్ సెంటర్‌లో ఉంచారు, రెండో గుంపుని ఫిజియో సలహాలతో ఇంటికే పంపారు. 26 వారాల తర్వాత 6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిస్తే రెండు గుంపులకీ తేడా రాలేదు. 2017లో జామా పత్రికలో వచ్చింది. అంటే సెంటర్‌లో ఉన్నంత మాత్రాన కాలు ఎక్కువ బాగుపడదు. సెంటర్ మనకిచ్చేది భద్రత. ఆ భద్రత ఇంట్లోనే ఏర్పాటు చేసుకోగలిగితే ఇల్లే మేలు. చేసుకోలేకపోతే సెంటర్‌కి వెళ్ళడంలో తప్పు లేదు.

కాబట్టి 'ఏది మంచిది' అని కాకుండా ఈ ప్రశ్నలు వేసుకోండి. రాత్రి లేపితే లేచే మనిషి మొదటి రెండు వారాలు ఇంట్లో ఉంటారా? ఆ మనిషికి మిమ్మల్ని పట్టుకునే బలం ఉందా? మంచం, బాత్రూమ్ ఒకే అంతస్తులో ఉన్నాయా? మంచం నుంచి బాత్రూమ్ దాకా వాకర్ ఎక్కడా ఇరుక్కోకుండా వెళ్తుందా? కమోడ్ మీద కూర్చుని లేవడానికి చేతికి ఏదైనా అందుతుందా? రెండిటికి మించి 'లేదు' అని వస్తే, సెంటర్ గురించి గట్టిగా ఆలోచించాల్సిందే. ఒంటరిగా ఉండేవాళ్ళయితే మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోతుంది.

ఆపరేషన్ చేసిన రోజే ఇంటికి పంపే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. ఆరోగ్యం బాగుండి, ఇంట్లో మనిషి ఉండి, రాత్రి ఫోన్ చేస్తే పలికే ఆస్పత్రి అయితే మంచిదే. ఆ మూడింట్లో ఒకటి తక్కువైనా నేను ఒప్పుకోను.

ఈసారి నేను మార్చినవి చిన్నవి. టేపుతో గుమ్మం కొలిచి, దానికి సరిపోయే ఇరుకు వాకర్ తెచ్చుకున్నాను. కాళ్ళకి చుట్టుకునే పట్టాలు, వైర్లు అన్నీ తీయించాను. కమోడ్ మీద ఎత్తు పెంచే సీటు పెట్టించాను. స్నానానికి ప్లాస్టిక్ కుర్చీ. వాకర్‌కి ఒక గుడ్డ సంచి కట్టాను, ఫోను, మాత్రలు, నీళ్ళ సీసా అందులోనే. చేతులు రెండూ వాకర్ మీదే ఉంటాయి కాబట్టి గ్లాసుడు నీళ్ళు కూడా పట్టుకెళ్ళలేమన్న సంగతి ఆ పరిస్థితి వచ్చేదాకా తట్టదు.

వాకర్, చంక కర్రలు, చేతికర్ర

మోకాలికి, తుంటికి మొదటి వారాల్లో వాకరే. ముందు రెండు చక్రాలున్నదైతే ఎత్తి పెట్టే పని లేదు, నడక సాఫీగా సాగుతుంది. నాలుగు చక్రాలది అప్పుడే వద్దు, జారిపోతుంది. చెప్పులు వేసుకుని నిలబడి చేతులు వేలాడదీస్తే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. అంతకన్నా ఎత్తుంటే భుజాలు, తక్కువుంటే నడుము నొప్పి పుడతాయి.

చంక కర్రలు మెట్లకి, ఇరుకు చోట్లకి బాగుంటాయి కానీ చేతుల్లో బలం, తూకం రెండూ కావాలి. వయసులో ఉండి కాలి ఎముక విరిగినవాళ్ళకి అవి నప్పుతాయి. భారం అరచేతుల మీద వేయాలి. చంకల మీద వేస్తే నరాలు నొక్కుకుపోయి చేతులు తిమ్మిరెక్కుతాయి. పాదానికో చీలమండకో ఆపరేషన్ అయి కాలు అసలు మోపకూడదంటే, మోకాలు ఆనించి తోసుకుపోయే చక్రాల బండి ఇంకా హాయి. విరిగిన ఎముకలకి ప్లేట్లు, రాడ్లు వేయించుకున్నవాళ్ళు డిశ్చార్జి రోజున ఒక్క మాట రాయించుకోవాలి: పూర్తి బరువు వేయొచ్చా, సగమా, వేళ్ళు ఆనించడం వరకేనా, అసలు మోపకూడదా? నోటిమాటగా చెబితే ఇంట్లో తలా ఒకరకంగా గుర్తుపెట్టుకుంటారు.

చేతికర్ర దశకి వచ్చాక దాన్ని ఆపరేషన్ అయిన కాలి వైపు కాకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు.

ఫిజియో: ఎవరి దగ్గర, ఎక్కడ

ఇంటికొచ్చే ఫిజియోనా, సెంటర్‌కి వెళ్ళడమా, వీడియోలో చూసి చేయడమా? మోకాలి మార్పిడికి ఈ మూడింట్లో ఏదైనా, క్రమం తప్పకుండా చేస్తే ఫలితాలు దగ్గర దగ్గరగానే ఉంటాయి. నా మటుకు నాకు కుదిరింది కలగలుపు. మొదటి మూడు వారాలు ఇంటికి రప్పించుకున్నాను, కారెక్కి దిగడమే అప్పుడు ఒక యజ్ఞం. తర్వాత సెంటర్‌కి వెళ్ళాను. పక్క బల్ల మీద నాకన్నా పెద్దావిడ పళ్ళు బిగించి మోకాలు మడుస్తుంటే మనం మూలిగితే బాగుండదు కదా.

మోకాలిని దానంతటదే మడిచి చాపే యంత్రం ఉంటుంది. అందరికీ దాన్ని వాడినందువల్ల చెప్పుకోదగ్గ లాభం లేదనే తేలింది. డాక్టర్ ప్రత్యేకంగా చెబితే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

అసలు చెప్పాల్సింది దిండు గురించి. మొదటిసారి మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకునేదాన్ని. హాయిగా ఉండేది. ఇంట్లోవాళ్ళే ప్రేమగా పెట్టేవాళ్ళు. ఆరు వారాలకి చూస్తే మోకాలు ఎంచక్కా మడుచుకుంటోంది కానీ పూర్తిగా చాచుకోవడం లేదు. "అమ్మా, మడవడం రాకపోతే కుర్చీలో ఇబ్బంది, చాచడం రాకపోతే నడకంతా కుంటే" అన్నాడు ఫిజియో అబ్బాయి. దాన్ని సరిచేయడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. దిండు పెట్టుకుంటే మడమ కింద పెట్టుకోవాలి, మోకాలు గాల్లో వేలాడుతూ దానంతటదే సాగాలి. నొప్పిగానే ఉంటుంది. రెండోసారి రోజుకి మూడుసార్లు అలా పెట్టుకున్నాను, కాలు మూడో వారానికే నిటారుగా వచ్చింది.

మడత విషయానికొస్తే రెండు వారాలకి 90 డిగ్రీల దగ్గరికి రావడం మంచి గుర్తు. ఆరు వారాలైనా అక్కడే ఆగిపోతే సర్జన్‌కి చూపించాలి, వచ్చే చెకప్ దాకా ఆగొద్దు. మత్తిచ్చి మోకాలిని వంచే చికిత్స ఒకటుంది, అది మొదటి మూడు నెలల్లోపు చేస్తేనే ఎక్కువ పనిచేస్తుంది.

తుంటివాళ్ళకి మడవడం చాచడం బెంగ లేదు, వాళ్ళ బెంగ కీలు జారిపోవడం. కోత వెనకవైపునుంచి చేశారా, ముందువైపునుంచా అని తప్పక అడగండి. వెనకనుంచి చేసినవాళ్ళు మొదటి వారాల్లో తొడని 90 డిగ్రీలు దాటి మడవకుండా, కాలు మీద కాలు వేసుకోకుండా, పాదం లోపలికి తిప్పకుండా ఉండమంటారు. ముందునుంచి చేసినవాళ్ళకి చెప్పే జాగ్రత్తలు వేరు. పక్కింటివాళ్ళ జాగ్రత్తలు మీకు పనికిరావు.

నొప్పి మాత్రలు: వేళకా, నొప్పి వచ్చినప్పుడా

మొదటి వారం పది రోజులు వేళకే. నొప్పి ముదిరాక దాన్ని దింపడం కష్టం. అన్నిటికీ పునాది పారాసెటమాల్. పెద్దవాళ్ళకి 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువున్నవాళ్ళకి, లివర్ సమస్య ఉన్నవాళ్ళకి ఇంకా తక్కువ. వేరే నొప్పి మాత్రల్లో, జలుబు మాత్రల్లో కూడా అది కలిసి ఉంటుంది కాబట్టి లెక్క తప్పకుండా చూసుకోండి. వాపు తగ్గించే మాత్రలు బాగా పనిచేస్తాయి కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, కడుపులో పుండున్నవాళ్ళకి, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి డాక్టర్ చెప్పకుండా వద్దు. నల్లమందు జాతి బలమైన మాత్రలు కొద్ది రోజులే. వాటితో వచ్చే మలబద్ధకం ఆపరేషన్‌కన్నా ఎక్కువ ఏడిపిస్తుంది, విరేచనం సాఫీ అయ్యే మందు మొదటి రోజునుంచే అడగండి. ఫిజియో వచ్చే అరగంట, ముప్పావు గంట ముందు మాత్ర వేసుకుంటే వ్యాయామం సాగుతుంది.

ఐసుకి మామూలు ప్యాక్ చాలు. గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు. చల్లటి నీళ్ళు తిప్పే యంత్రంలో సుఖం ఉంది, రాత్రి లేచి ప్యాక్ మార్చే పని తప్పుతుంది. అంతకు మించి ఏమీ లేదు.

రక్తం గడ్డకట్టకుండా

ఆస్పిరినా, పొట్టకి ఇంజెక్షనా, వేరే మాత్రలా అన్నది డాక్టర్ నిర్ణయం. అయినా అడగండి. ఆస్పిరిన్ తేలిక, చవక. కానీ 2022లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో తుంటి, మోకాలి మార్పిడి తర్వాత 90 రోజుల్లో లక్షణాలతో బయటపడిన గడ్డలు ఆస్పిరిన్ వాడినవాళ్ళలో 3.45 శాతం, పొట్టకి ఇచ్చే ఇనాక్సాపారిన్ ఇంజెక్షన్ వాడినవాళ్ళలో 1.82 శాతం. మీకో మీ దగ్గరి బంధువులకో ఇదివరకు గడ్డ కట్టి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి, దాన్ని బట్టి మందు మారుతుంది. సూది భయం ఉన్నవాళ్ళు మాత్రలు కుదురుతాయేమో అడగొచ్చు. ఏ మందైనా చెప్పిన రోజుల పాటు పూర్తిగా వాడాలి, నడుస్తున్నాం కదా అని మధ్యలో మానేయకూడదు. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించడం ఎప్పటికీ ఉచితం.

డిశ్చార్జి కాగితాల మీద మీరు వెతకాల్సిన ముఖ్యమైన లైను రాత్రిపూట ఫోన్ నంబరు. లేకపోతే రాయించుకోండి. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఫోన్ల దాకా పోకుండా నేరుగా ఎమర్జెన్సీకే. పిక్కలో కొత్త నొప్పి, వాపు, గాయం నుంచి చీమో నీరో కారడం, రోజురోజుకీ పెరిగే ఎరుపు, జ్వరం: వీటికి ఆ నంబరు. రెండోసారి పదకొండో రోజు రాత్రి నా పిక్క గట్టిపడి నొప్పెట్టింది. ఫోన్ చేస్తే పొద్దున్నే రమ్మని స్కాన్ తీశారు. ఏమీ లేదు, కండరం పట్టేసిందంతే. ఆ మధ్యాహ్నమే ఫిజియో మళ్ళీ వచ్చి మడమ కింద దిండు పెట్టాడు.